మా పికప్‌కి గట్టి టైర్లు: ఒక కాఫీ సీజను నుంచి ఇంకో సీజను దాకా

డిసెంబరు 13, 2023

నిన్న రాత్రి జరిగింది మరిచిపోకముందే రాసిపెట్టుకుంటున్నాను. ఈ డైరీ మొదలుపెట్టడానికి కారణమే అది.

సాయంత్రం నాలుగున్నరకి పై తోట నుంచి నాలుగు బస్తాల కాఫీ పండు ఎక్కించుకుని దిగాను. మిచౌంగ్ తుపాను ఈ నెల 5న ఎక్కడో బాపట్ల దగ్గర తీరం దాటినా, దాని వాన విశాఖ మన్యంలోని మా చింతపల్లి కొండల్నీ వదల్లేదు. గెడ్డ (కొండ వాగు) దాటే చోట ఒడ్డు మట్టంతా కొట్టుకుపోయి, కింద ఉన్న రాళ్లు పలకల్లా పైకి తేలాయి. వెనక ఎడమ చక్రం ఆ పలక అంచుని రాసుకుంటూ దిగింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. బుస్సుమని గాలి పోయింది, అంతే. టార్చి వేసి చూస్తే టైరు పక్కన నాలుగు వేళ్లు పట్టేంత కోత.

జాకీ పెడితే బురదలోకి దిగిపోతోంది. చెక్క ముక్క ఒకటి వెతికి జాకీ కింద వేసి, స్టెప్నీ బిగించేసరికి ఏడు దాటింది. ఆ స్టెప్నీ అరిగి పూర్తిగా గుండు. దానితో జారుడు మెట్ట ఎక్కలేకపోయాను. ఫోను సిగ్నలు దొరికే చోటికి నడిచి వెళ్లి బావకి చెప్తే, ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకుని తాడుతో వచ్చాడు. ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండున్నర.

కాఫీ పండు కోసిన రోజే పల్పింగ్ (పై తొక్క తీయడం) అయిపోవాలి. బస్తాలో ఉన్నకొద్దీ పండు లోపల్లోపలే వేడెక్కి పులుస్తుంది. మూతి విప్పి చెయ్యి పెడితే, చలికాలం అర్ధరాత్రి కూడా లోపల వెచ్చగా తగిలింది. కల్లు కుండ దగ్గర వచ్చే వాసన. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఒక గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని మళ్లీ బస్తాలో పోసేసింది. ఆమె, వదిన, ఇంకో ఇద్దరు పొద్దుట్నుంచి వంగి కోసిన పండు అది.

బండి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, 2017 మోడల్, 4x4. శ్రీసిటీలో తయారైనదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. టైరు సైజు 245/70 R16. కొన్నప్పుడు ఉన్న రోడ్డు టైర్లతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఇక మార్చాల్సిందే.

డిసెంబరు 15

కోత పడ్డ టైరు పట్టుకుని చింతపల్లిలో పంచర్ షాపుకి వెళ్లాను. ముప్పై ఏళ్లుగా అదే పని చేస్తున్న పెద్దాయన. నేను మావయ్యా అని పిలుస్తాను. టైరుని ఒకసారి తిప్పి చూసి కింద పెట్టేశాడు.

"బాబూ, నేలకి తగిలే చోట ఎన్ని మేకులు దిగినా పంచరు వేస్తాను. ఒంగే చోట వెయ్యను. ఇది ఒంగే చోటు. ఇక్కడ అతుకు వేస్తే నువ్వు ఘాటీలో దిగుతుండగా లేచిపోతుంది."

తర్వాత కత్తి తీసుకుని ఆ కోతని ఇంకాస్త తెరిచి లోపల చూపించాడు. అంత దగ్గరగా టైరు లోపలి భాగాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. నేలకి తగిలే భాగంలో రబ్బరు కింద స్టీలు తీగల వరసలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా ఉన్నాయి. భుజం దాటి పక్కకి వచ్చేసరికి స్టీలు లేదు. తెల్లటి దారాలే. వాటి మీద రబ్బరు నా చూపుడు వేలి గోరు వెడల్పు కూడా లేదు. మొత్తం బండిని నిలబెట్టే గాలిని పక్క నుంచి కాపాడుతున్నది ఆ దారాలే.

టైరు మీద అచ్చు వేసిన అక్షరాలు కూడా ఆయనే చదివించాడు. ట్రెడ్ (నేలకి తగిలే భాగం) దగ్గర 2 పాలిస్టర్, 2 స్టీల్, 1 నైలాన్. సైడ్ దగ్గర 2 పాలిస్టర్. ఇన్నేళ్లూ నా కళ్ల ముందే రాసి ఉంది, ఒక్కసారీ చదవలేదు.

"ఏ టైరు కొనమంటావు మావయ్యా?" అని అడిగితే, "ముందు నీ బండి బరువెంతో కాటా వేయించి రా. అప్పుడు మాట్లాడదాం" అన్నాడు.

జనవరి 6, 2024

మిరియాలు ఇవ్వడానికి నర్సీపట్నం వెళ్లినప్పుడు రెండు సార్లు కాటా వేయించాను. లోడుతో ఒకసారి, దింపేశాక ఒకసారి. ప్రతిసారీ మొత్తం బండిని ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఇంకోసారి. కాటా బాబుకి ఎందుకో అర్థం కాలేదు గానీ, డబ్బులిచ్చాక వేశాడు.

ఖాళీగా, నేను ఒక్కణ్ణే, డీజిల్ నిండుగా: మొత్తం 1,990 కిలోలు, అందులో వెనక 850.
నాలుగు బస్తాలు, నేను, బావ: మొత్తం 2,250, వెనక 1,080.

ఆర్సీలో రాసిన మొత్తం బరువు దాటకూడదన్నది మా ఇంట్లో మొదట్నుంచీ ఉన్న కట్టు. అందుకే నాలుగు బస్తాలు మించి వెయ్యం.

అంటే లోడుతో కూడా వెనక ఒక్కో టైరు మీద 540 కిలోలు. ముందు ఒక్కోదాని మీద 585. పాత టైరు మీద ఉన్న లోడ్ ఇండెక్స్ 107. పట్టిక ప్రకారం 107 అంటే 975 కిలోలు. కారు తరగతి టైరుని ట్రక్కుకి వేసినప్పుడు ఆ అంకెని 1.1తో భాగించుకోవాలన్నది లెక్క. అలా చూసినా 886. నేను వేసేది అందులో మూడింట రెండు వంతులే.

ఈ అంకె చూశాక ఆలోచన మొత్తం మారింది. టైరు బరువు మొయ్యలేక పోలేదు. రాయి కోస్తే పోయింది. నాకు కావలసింది ఎక్కువ బరువు మోసే టైరు కాదు, పక్కన కోత పడని టైరు. రెండూ ఒకటే అనుకుంటూ వచ్చాను.

అదే రోజు ఇంకో విషయం గమనించాను. మధ్యాహ్నం నర్సీపట్నంలో 30 డిగ్రీల ఎండలో నాలుగు చక్రాలకీ 32 పీఎస్ఐ గాలి పెట్టించాను. మర్నాడు పొద్దున్న ఇంటి దగ్గర 8 డిగ్రీల చలిలో నా గేజితో చూస్తే 30. ఎక్కడా లీకు లేదు. చలికి గాలి కుదించుకుని మూడున్నర దాకా తగ్గాలి. కానీ మా ఊరు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. బయట గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గేజి ఒకటిన్నర ఎక్కువ చూపిస్తుంది. రెండూ కలిసి నికరంగా రెండు తగ్గింది. కింద పట్టించిన గాలిని నమ్ముకోకుండా, కొండ మీద పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. ఇక మీద వీలైనంత వరకు అలాగే చూస్తాను.

జనవరి 21

ఒక వారం పాటు ప్రతి ప్రయాణమూ రాసుకున్నాను. మొత్తం 412 కిలోమీటర్లు. తారు రోడ్డు 300. కంకర, గ్రావెల్ 74. బురద, రాళ్లు, గెడ్డ దాటడాలు కలిపి 38.

గుర్తుండిపోయేవి ఆ 38 కిలోమీటర్లే. కానీ ప్రాణం మీదకి వచ్చేది మాత్రం ఆ 300లోనే. లంబసింగి దగ్గర తెల్లవారుజామున మంచు కమ్మి తారు రోడ్డు తడిసి నిగనిగలాడుతుంటుంది. ఎదురుగా బస్సు వస్తే బ్రేకు పడాల్సింది అక్కడ.

ఫిబ్రవరి 11

విశాఖపట్నంలో నాలుగు షాపులు తిరిగాను. పొద్దున్న తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం ఆరయింది.

మొదటి షాపులో, "సార్, పికప్ అంటే 10 ప్లై వెయ్యండి, తిరుగుండదు" అన్నారు. చూపించింది LT245/75 R16, 120/116, 10పీఆర్. ముందున్న ఎల్‌టీ అంటే లైట్ ట్రక్కు కోసం చేసింది అని. 120 అంటే ఒక్కో టైరు 1,400 కిలోలు. రెండో అంకె ఒకే వైపు జంట చక్రాలు ఉండే బండికి. మంచి టైరే. నా వెనక చక్రం మీద ఉండేది 540. ఖాళీగా వెళ్లేటప్పుడు 425. అంత బిగువైన టైరు అంత తక్కువ బరువుకి ఒంగదు. రాయి మీద ఒంగకపోతే బండి ఎగిరిపడుతుంది, పట్టు దొరకదు. మా అమ్మకి నడుం నొప్పి. ఆమె ముందు సీట్లో కూర్చుంటుంది. అది కూడా లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే.

ఈ 'ప్లై' మాటని అక్కడే తేల్చుకున్నాను. 10పీఆర్ అంటే లోపల పది పొరలు ఉన్నాయని కాదు. వెనకటి రోజుల్లో నూలు దారాలతో చేసిన పది పొరల టైరు ఎంత బలంగా ఉండేదో ఇది అంత బలమని చెప్పే కొలత. 6పీఆర్‌ని సి, 8పీఆర్‌ని డి, 10పీఆర్‌ని ఇ అని కూడా రాస్తారు. గాలి మామూలుగా వరసగా 50, 65, 80 పీఎస్ఐ దాకా పట్టించవచ్చు.

రెండో షాపులో 265/75 R16 మడ్ టైరు. చూడటానికి కళ్లు తిప్పుకోలేం. పెద్ద పెద్ద బటన్లు (ట్రెడ్ మీది రబ్బరు దిమ్మలు), భుజాల మీద పళ్లు. నాకూ ఆశ పుట్టింది. చాలాసేపు దాని దగ్గరే నిలబడ్డాను. రాత్రి లెక్క వేశాక వదులుకున్నాను. ఆ లెక్క కింద రాస్తాను.

మూడో షాపులో నా సైజే ఉంది, ధర కూడా బాగా తక్కువ. కానీ టైరు మీద తయారీ తేదీ అంకెలు 1819. అంటే 2019లో 18వ వారం. దాదాపు ఐదేళ్లుగా ఎండ పడే గోడ పక్కనే ఉన్నట్టుంది. గోరుతో నొక్కి చూస్తే గాడుల అడుగున సన్నటి పగుళ్లు. "ట్రెడ్ మొత్తం కొత్తదే కదా సార్" అన్నాడు. నిజమే, ట్రెడ్ కొత్తదే, రబ్బరు పాతది. అక్కడే ఇంకో మూల విదేశాల నుంచి వచ్చినవని ఒక వరస పెట్టారు. వాటి మీద ఐఎస్ఐ మార్కు లేదు. 2009 నాటి క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ తర్వాత మన దేశంలో అమ్మే టైరుకి ఆ మార్కు తప్పనిసరి. కార్ల టైరుకి IS 15633, ట్రక్కుల తరగతికి IS 15636 అని పక్కనే నంబరు ఉంటుంది. ఆ వరస జోలికి పోలేదు. 2020 జూన్‌లో టైర్ల దిగుమతికి కేంద్రం లైసెన్సు షరతు పెట్టాక కొన్ని సైజులు దొరకడం కష్టమైపోయింది. అందుకే ఇలాంటివి బయటికొస్తున్నట్టున్నాయి.

నాలుగో షాపులో దొరికింది LT245/70 R16, 113/110 S, 8పీఆర్, ఆల్ టెర్రెయిన్ (తారుకీ, మట్టి దారికీ పనికొచ్చే రకం). 113 అంటే 1,150 కిలోలు. ఎస్ అంటే గంటకి 180 దాకా. సైడ్ దగ్గర 3 పాలిస్టర్ అని రాసి ఉంది. తయారై మూడు నెలలే. ఒక్కోటి 14,800. అప్పుడే కొనలేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తానన్నాను.

ఫిబ్రవరి 12

లెక్క.

245/70 R16లో 245 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 70 అంటే ఆ వెడల్పులో 70 శాతం పక్క ఎత్తు, 171.5. దాన్ని రెండింతలు చేసి, 16 అంగుళాల డిస్కు (టైరు ఎక్కించే చక్రం) 406.4 కలిపితే టైరు మొత్తం ఎత్తు 749 మిల్లీమీటర్లు.

265/75 R16 అయితే 804. అంటే 55 ఎక్కువ. అందులో సగం, 27 మిల్లీమీటర్లు, ఇరుసు పైకి లేస్తుంది. ఆశ పెట్టేది ఆ 27. కానీ చక్రం 7 శాతం పెద్దదైతే మీటరు 60 చూపిస్తున్నప్పుడు నిజంగా 64లో ఉంటాను. మొదటి గేరులో లాగే బలం కూడా ఆ మేరకి తగ్గుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకి రాసుకుంటుంది. స్టెప్నీ బండి కింద దాని చోట్లో పట్టదు, బస్తాలు పెట్టే తొట్టిలో పెట్టుకోవాలి. పైగా ఆ పెద్ద బటన్ల మధ్య ఖాళీలు ఎక్కువ, బటన్ల మీద సన్న గాట్లు తక్కువ. బురదలో తవ్వుకుంటూ పోవడానికి అది మంచిదే. తడి తారు మీద నేలకి ఆనే రబ్బరు తగ్గిపోతుంది. నా 300 కిలోమీటర్లు గుర్తొచ్చాయి.

245/75 R16 అయితే ఎత్తు 774. ఇరుసు 12 మిల్లీమీటర్లు లేస్తుంది. 60 అన్నప్పుడు 62. ఇది చేయదగ్గ మార్పే. కానీ నాకు దొరికినవన్నీ 10పీఆర్.

బావ మాత్రం "పెద్ద టైరే వేద్దాం, గెడ్డలో రాయి తగలదు" అన్నాడు. అతనితో గెడ్డ దగ్గరికి వెళ్లి, టేపు పట్టుకుని ఆ పలక ఎత్తు కొలిచాను. నీటి మట్టం నుంచి 31 సెంటీమీటర్లు. బండి పొట్ట లేపితే తప్పించుకునే రాయి కాదది. దాన్ని రాసుకుంటూనే దిగాలి. అక్కడే బావ కూడా ఒప్పుకున్నాడు. ఆ పని అయ్యాక ఇద్దరం గడ్డపార తెచ్చి పలక అంచుని కొంత కొట్టేశాం. పూర్తిగా రాలేదు.

నిర్ణయం: పాత సైజే. ఎల్‌టీ, 8పీఆర్, ఆల్ టెర్రెయిన్. ఐదు. నాలుగు కాదు. స్టెప్నీ వేరే రకంగానో, అరిగిపోయిందో ఉంటే, 4x4 వేసినప్పుడు చక్రాల ఎత్తు తేడా గేర్ల మీద పడుతుంది. డిసెంబరు రాత్రి నేర్పింది కూడా అదే.

మార్చి 3

మిరియాల డబ్బులు వచ్చాయి. 74,000 కట్టి ఐదు టైర్లూ తెచ్చాను. నర్సీపట్నం వచ్చేసరికి బిగించే షాపు మూసేశారు. ఇంటికే తెచ్చేశాను. మంచిదే అయింది, తీరిగ్గా చూసే వీలు దొరికింది.

కాఫీ తూచే కాటా మీద కొత్త టైరు పెడితే 18 కిలోల 200 గ్రాములు. డిస్కు నుంచి ఊడదీసిన పాతది, ఆ కోత పడ్డదే, 13 కిలోల 900. కొంత అరుగుదల పోయినా, నాలుగు కిలోల పైన తేడా. ఆ నాలుగు కిలోలూ ఎక్కడ ఉన్నాయో చేత్తో నొక్కితే తెలుస్తుంది. పాతదాని పక్క బొటనవేలికి లొంగుతోంది. కొత్తది అరచేత్తో నొక్కితే గానీ కదలడం లేదు. భుజం కింద రాళ్లు రాసుకునే చోట రబ్బరు గట్లు కూడా ఉన్నాయి. ట్రెడ్ లోతు 12 మిల్లీమీటర్లు. గాడుల అడుగున చిన్న చిన్న దిబ్బలు వరసగా ఉన్నాయి. కంకర ఇరుక్కుని లోపలికి తొలుచుకుపోకుండా బయటికి నెట్టేయడానికి అవి.

అమ్మ వచ్చి చెయ్యి వేసి చూసి, "ఎద్దు డెక్కలా ఉంది" అంది.

మార్చి 5

నర్సీపట్నంలో బిగించారు. వాల్వులు ఐదూ కొత్తవి వేయించాను. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాను. డిస్కు నట్లు వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించాలి. నట్లు బిగించే మెషీను గన్‌తో కాకుండా వీల్ స్పానర్‌తోనే బిగించమన్నాను. గెడ్డ ఒడ్డున ఒంటరిగా విప్పాల్సింది నేనే కదా.

గాలి దగ్గర షాపులో మాటా మాటా అయింది. ఆ కుర్రాడు టైరు మీద 65 చూసి 60 కొట్టబోయాడు. అది టైరు తట్టుకునే గరిష్ఠం, నా బండికి కావలసింది కాదు. ఇంకొకతను తలుపు పక్కన స్టిక్కరు చూసి 30 చాలన్నాడు. అదీ సరిపోదు. ఆ స్టిక్కరు పాత తరగతి టైరుకి. ఎల్‌టీ టైరు అదే బరువు మొయ్యాలంటే గాలి ఎక్కువ కావాలి. పాతదానిలో 30 ఉంటే కొత్తదానిలో దాదాపు 37 పెట్టాలి. కంపెనీ ఇచ్చే లోడు-గాలి పట్టికలో చూసుకుని నాలుగింటికీ 37 పెట్టించాను. లోడు వేసినప్పుడు వెనక 40.

గాలి తక్కువైతే పక్క మరీ ఒంగి లోపల వేడెక్కుతుంది. టైరు పేలిపోవడానికి ఎక్కువగా కారణం అదే. మరీ ఎక్కువైతే నడుమ మాత్రమే నేలకి ఆని అక్కడే అరుగుతుంది. రాయి తగిలినప్పుడు ఒంగడానికి చోటు లేక తెగుతుంది.

మార్చి 30

820 కిలోమీటర్లు అయింది. చప్పుడు కొంచెం పెరిగింది. 60 దాటాక సన్నటి గుంయ్ మనే శబ్దం. డీజిలు లీటరుకి 12.5 వచ్చేది, ఇప్పుడు 11.8. ఒక్కో చక్రానికి నాలుగు కిలోలు పెరిగాక అది తప్పదు. ఖాళీ బండి గుంతల్లో కాస్త గట్టిగా తగులుతోంది. అమ్మని అడిగితే, "మునుపటి కంటే గట్టిగానే ఉంది, ఫరవాలేదు" అంది. ఖాళీగా వెళ్లేటప్పుడు వెనక 34కి దించి చూశాను. అమ్మ తేడా తెలిసిందంది.

జులై 7

వానలు పట్టాయి. ఇన్ని నెలలూ ఎదురుచూసింది దీనికోసమే.

జారుడు మెట్ట దాదాపు అరవై మీటర్ల ఎక్కుడు. ఎర్రమట్టి. తడిస్తే సబ్బులా ఉంటుంది. 37 గాలితో, 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగే అమరిక) ఎక్కడానికి ప్రయత్నించాను. సగం దూరం వెళ్లి చక్రాలు అక్కడే తిరిగాయి. బటన్ల మధ్య మట్టి నిండి టైరు మళ్లీ గుండులా అయిపోయింది. మెల్లగా వెనక్కి జారనిచ్చి కిందికి వచ్చాను. మనసు చివుక్కుమంది. ఇంత డబ్బు పోసి ఇదేనా అనిపించింది.

కింద నిలబడి నాలుగింటి గాలీ 22కి దించాను. 4ఎల్ (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే అమరిక) వేసి, రెండో గేరులో, యాక్సిలరేటరు ఒకే తీరుగా తొక్కి వదిలాను. ఎక్కడా ఆగలేదు. పైన ఉన్న పనస చెట్టు దాకా ఒకే ఊపులో ఎక్కేసింది. బావ వెనక నుంచి కేక వేశాడు.

ఎందుకు అంత తేడా వచ్చిందో చూడాలని ఇంటికొచ్చాక కాఫీ ఆరబెట్టే సిమెంటు కళ్లం మీద బండి నిలిపాను. ముందు చక్రం చుట్టూ ముగ్గు పిండి దట్టంగా చల్లి, జాకీతో చక్రం లేపి, కింద పిండి పడని చోటుని టేపుతో కొలిచాను. 37 గాలితో టైరు నేలకి ఆనే పొడవు 15 సెంటీమీటర్లు. 22తో 20. వెడల్పు పెద్దగా మారలేదు. పెరిగింది పొడవే. ఎక్కువ బటన్లు ఒకేసారి మట్టిని పట్టుకుంటున్నాయి. పైగా టైరు ఒంగి విప్పుకునేటప్పుడు ఇరుక్కున్న మట్టిని దులిపేసుకుంటోంది.

పక్క గట్టిగా ఉన్న టైరు కాబట్టే 22కి దించడానికి ధైర్యం వచ్చింది. పాతదాన్ని అలా దించితే పక్క ఉబ్బి, రాయికి ఎదురుగా పెట్టినట్టే అయ్యేది. 22తో గంటకి 20 దాటను, గట్టిగా మలుపు తిప్పను. తారు రోడ్డు తగలగానే బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసరుతో మళ్లీ గాలి కొడతాను. ఒక్కో చక్రానికి నాలుగు నిమిషాలు. మొత్తం పావుగంట పైన. వానలో పావుగంట చాలా ఎక్కువగానే అనిపిస్తుంది. కానీ 22తో ఘాటీ దిగే పని మాత్రం చెయ్యను.

ఆగస్టు 18

పై ఊళ్లో ఒకావిడకి నెలలు నిండి నొప్పులు వస్తే తెల్లవారుజామున మూడున్నరకి పిలిచారు. మామూలుగా ఈ కాలంలో డోలీ కట్టి మోసుకొస్తారు. గాలి ముందే దించుకుని వెళ్లాను. గంటా పది నిమిషాల్లో చింతపల్లి ఆసుపత్రిలో దింపాను. ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగున్నారు. ఈ ఒక్క రోజుకే టైర్ల డబ్బులు తీరిపోయాయనుకుంటున్నాను.

అక్టోబరు 6

8,100 కిలోమీటర్లు. ఐదు చక్రాలూ చోట్లు మార్చాను, స్టెప్నీ కూడా వరసలో కలిపి. ట్రెడ్ లోతు కొలిస్తే ముందువి 10.9, వెనకవి 11.1. స్టెప్నీ 12 మీదే ఉంది. ముందు కుడి టైరు బయటి అంచు కొంచెం ఎక్కువ అరిగింది. అలైన్‌మెంట్ మళ్లీ చూపించాలి. బటన్ల మధ్య ఇరుక్కున్న కంకర రాళ్లు స్క్రూడ్రైవరుతో తీశాను. ఒక చక్రంలోనే పదకొండు. ఏదీ లోపలి దాకా దిగలేదు.

నవంబరు 24

ఈ సీజను మొదటి కోత. పై తోట నుంచి నాలుగు బస్తాల పండు. వెనక 40, ముందు 37.

గెడ్డ దగ్గర ఆ పలకే. ఎంత జాగ్రత్తగా దిగినా ఎడమ వెనక చక్రం మళ్లీ దాన్ని రాసుకుంది. ఆ కరకర చప్పుడుకి బావా నేనూ ఒకేసారి దిగాం. పక్కన వేలెడు పొడవు గీత. రబ్బరు గట్టు ఒకటి చీలింది. గోరు పెట్టి చూశాను, రెండు మిల్లీమీటర్ల లోతు. దారాలు బయట పడలేదు. గేజి పెడితే 40. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టాను. 40.

గీత రెండు చివరలా తెల్ల పెయింటుతో చుక్కలు పెట్టాను, పెరుగుతుందేమో వారం వారం చూడటానికి. చింతపల్లి మావయ్యకి ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "దారం కనబడలేదు కదా? అయితే నడుపు. ఎండలో మాత్రం ఎక్కువసేపు ఉంచకు. పక్కన బొబ్బ లేచిందంటే మాత్రం ఆ రోజే తీసెయ్" అన్నాడు.

ఐదుంబావుకి ఇంటికి చేరాం. బస్తా మూతి విప్పి అమ్మ చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. పల్పరు ఆడించడం మొదలుపెట్టాం, ఏడు గంటలకల్లా పండు మొత్తం అయిపోయింది. రేపు పొద్దున్నే గాలి చూసి, బావతో గడ్డపార పట్టుకుని వెళ్లి ఆ పలకని ఇంకొంచెం కొట్టాలి.